మొహం చూసి వేసిన మార్కులు

“నాలుగా? దీనికి నాలుగా? ఏం విన్నావయ్యా అసలు?”

“అంతా విన్నా. నాలుగంటే నాలుగే. మొదట్నుంచీ వాడు ఊదిందే ఊదుతున్నాడు.”

“ఊదిందే ఊదడానికి వాడేమన్నా నువ్వా?”

“నేనేం ఊదానే?”

“ముప్ఫై ఏళ్లుగా ఉన్నవి రెండే జోకులు. అవే తిప్పి తిప్పి చెబుతున్నావు, చాలదూ?”

కింది వాటాలో కుట్టుమిషను తొక్కుతున్నావిడ కాలు ఆపి పైకప్పు వైపు చూసింది. మిల్లు క్వార్టర్సులో గోడలు పేరుకే గోడలు. పైన దగ్గితే కింద ఛాతీ నొప్పి పుడుతుంది. పై వాటా మొగుడూ పెళ్లాలు పాటల మీద పోట్లాడుకోవడం ఆవిడకు కొత్తేం కాదు. మామూలుగా పోట్లాట చివర నవ్వు వినిపిస్తుంది. ఇవాళ నవ్వు లేదు. అట్టపెట్టెలో ఏదో పడేసిన చప్పుడు, అంతే.

మిల్లు మూతపడి ఏడాదైంది. నెలాఖరుకల్లా క్వార్టర్సు ఖాళీ చేయాలని ప్రతి తలుపుకీ కాగితం అంటించారు. పై వాటాలో ఉండే ఫిట్టరూ, ఆయన భార్యా వెతుక్కున్న కొత్త ఇల్లు ఒకటే గది. గోడలో ఒక గూడు ఉంది. అందులో నిలబెడితే నలభై రికార్డులు పడతాయి. ఇంట్లో ఉన్నవి నూట నలభై. వందింటిని వదులుకోవాలి. ఏ వంద అన్నది మార్కులే తేల్చాలి.

ఈ మార్కుల పద్ధతి ఆవిడది. మిల్లులో గుడ్డ చూసే గదిలో ఆవిడ ఇరవై ఆరేళ్లు పనిచేసింది. వాలుగా పెట్టిన అద్దం బల్ల, కింద దీపం. నేసిన తాను మొత్తం ఆ బల్ల మీదుగా జారుతుంది. తెగిన పోగు, జారిన పోగు, నూనె మరక, ఏదైనా ఆవిడ కంటపడకుండా పోయేది కాదు. తప్పు ఉన్నచోట అంచుకు ఎర్రదారం కట్టి, చీటీ మీద పదికి ఇన్ని అని వేసేది. అందుకే మిల్లంతా ఆవిడను టీచరమ్మ అనేది. ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. తప్పు ఉందని చెప్పి ఊరుకునే మనిషి కూడా కాదు. తానును వెనక్కి చుట్టించి, తప్పు మొదలైన చోటు దాకా వెళ్లి, ఫలానా మగ్గం, పొద్దుటి షిఫ్టు, రెండో గంట అని రాసి పంపేది. ఆ చీటీ పట్టుకుని మగ్గం బాగుచేయడానికి వెళ్లేవాడు ఫిట్టరు. పెళ్లికి ముందు ఆవిడ ఆయనకు రాసిన ఉత్తరాలన్నీ ఫిర్యాదులే.

పెళ్లయిన నెలలో ఇద్దరూ కలిసి రికార్డులు వేసే పెట్టె ఒకటి కొన్నారు. అప్పట్నుంచీ రెండు నెలలకొక రికార్డు. ఒకసారి ఆయన ఎంచాలి, ఒకసారి ఆవిడ. కొత్తది రాగానే పక్కపక్కన కూర్చుని రెండు వైపులా వినాలి. ఒకరికొకరు చూపించకుండా చీటీ మీద మార్కు వేయాలి, తేదీ వేయాలి, చీటీని అట్టలో దోపాలి. పాతవాటిని కూడా ఏడాదికోసారి తీసి వినేవాళ్లు, చీటీకి చీటీ చేరేది. వేసిన మార్కు దిద్దడానికి వీల్లేదు. అదీ మిల్లు రూలే. ఇన్నేళ్లూ ఆ మార్కుల వల్ల ఎవరికీ లాభం లేదు, నష్టం లేదు. ఇప్పుడు మాత్రం ఇద్దరివీ కలిపి పదిహేను రాకపోతే ఆ రికార్డు పాతసామాన్ల కొట్టుకు పోతుంది.

ఆ పొద్దున క్లారినెట్ రికార్డుకు ఆవిడ తొమ్మిది వేసింది. ఆయన నాలుగు వేశాడు. కలిపితే పదమూడు.

అసలు సంగతి ఇక్కడే చెప్పేయడం మంచిది. ఫిట్టరు ఆ క్లారినెట్ వినలేదు. అదే కాదు, తొమ్మిదేళ్లుగా ఏ పాటా వినలేదు. ఆయన చెవులు పూర్తిగా పోయాయి.

నేత షెడ్డులో మూడువందల మగ్గాలు. ఒక్క మగ్గం ఆడితేనే పక్కవాడి మాట వినపడదు, మూడువందలు ఆడితే ఎవడి మాట వాడికే వినపడదు. అందుకని షెడ్డులో ఎవరూ గొంతు వాడరు. పెదాలతో మాట్లాడతారు. ఈ చివర నుంచి ఆ చివరకు బూతులు కూడా పెదాల మీదే నడుస్తాయి. అలాంటి చోట ఒకడికి చెవులు పోతే ఎవరికి తెలుస్తుంది? ముందు పిట్టలు పోయాయి. తర్వాత సైకిల్ బెల్లు. తర్వాత పాటలో సన్న తీగలు పోయి, గొంతు మిగిలి, గొంతు కూడా పోయి, డప్పు ఒక్కటే మిగిలింది. చివరికి అదీ అరచేతికి తెలిసేదే గానీ చెవికి కాదు.

ఇంట్లో కూడా గడిచిపోయింది. ఆవిడ గుడ్డ చూసే గదికి మారకముందు నాలుగేళ్లు షెడ్డులోనే నేసింది. ఆ అలవాటు పోలేదు, ప్రతి మాటనూ పెదాల మీద తీర్చి తీర్చి పలుకుతుంది. ఆయనకు కాస్త మందం అని ఆవిడకూ తెలుసు, షెడ్డు మగవాళ్లందరికీ ఉన్న మందమే కదా అని సౌండు పెంచేది. వెనకనుంచి పిలిస్తే పలకకపోవడం మొగుళ్లందరికీ ఉన్న రోగమే కాబట్టి దాన్ని ఆవిడ లెక్కలోకి తీసుకోలేదు. దీపం ఆర్పాక ఆవిడ ఏమన్నా మాట్లాడుతుందేమోనని ఆయన ముందే గురక మొదలుపెట్టేవాడు.

ఎందుకు దాచాడంటే, ఆయనకు పని నేర్పిన పెద్ద ఫిట్టరు వల్ల. ఆ పెద్దాయన చెవులు పోయాయని అందరికీ తెలిసిన రోజునుంచి షెడ్డులో ఒకటే ఎగతాళి. చెవిటివాడి ముందు శంఖం ఊదితే ఏం కొరుకుతున్నావన్నాడట అని ఆయన ఎదుటే పెదాలు తిప్పి నవ్వేవాళ్లు. అది పరవాలేదు. ఇంట్లో రేడియో తీసి చుట్టాలకిచ్చేశారు. వినపడని మనిషికి చెప్పేదేముందని పెళ్లాం పిల్లలు ఆయనతో మాట్లాడటం మానేశారు. అన్నం పెట్టి చెయ్యి ఊపేవాళ్లు, అంతే. పశువుకు ఊపినట్టు. ఫిట్టరు అది చూశాడు. తన చెవులు పోయాయని తెలిస్తే టీచరమ్మ పెట్టె మూసేస్తుంది, పాట వింటూ ఆవిడ పక్క కుర్చీలో కూర్చునే ఆ కాసేపూ పోతుంది. ఆయనకు ఉన్న భయమల్లా అదే. చెవులు ఎలాగూ పోయాయి, ఆ కుర్చీ పోకూడదు.

కాబట్టి ఆయన ఆవిడ మొహం చూసి మార్కులు వేయడం నేర్చుకున్నాడు. అరచెయ్యి పెట్టె చెక్క మీద పెట్టేవాడు. ఆవిడ కనుబొమలు పైకి లేస్తే ఏడు. కింది పెదవి లోపలికి పోతే తొమ్మిది. ముక్కు పక్కన ముడత పడితే మూడు. అన్నీ ఆవిడతో కలిస్తే అనుమానం వస్తుందని మధ్యమధ్య నాలుగు పడేసి, పోట్లాట పెట్టుకునేవాడు. వినేవాడే కదా పోట్లాడేది. ఆ పోట్లాటలంటే ఆయనకు ప్రాణం. ఆవిడ రెచ్చిపోయి పాట ఎంత బాగుందో వర్ణించేది, ఆయనకు ఆ పాట గురించి తెలిసేది అప్పుడే.

క్లారినెట్ కూడా అలా పడేసిన నాలుగే. పదిహేను రూలు ఆ నిమిషంలో గుర్తుకు రాలేదు. ఆవిడ రెండు చీటీలూ పక్కపక్కన పెట్టి కూడింది. ఇంకోసారి కూడింది. రికార్డు అట్టను పైటచెంగుతో తుడిచి అట్టపెట్టెలో వేసింది.

“ఉంచుకుందాంలే,” అన్నాడాయన.

“రూలంటే రూలే. నువ్వేగా ఊదిందే ఊదాడన్నావు.”

మధ్యాహ్నం పాతసామాన్లాయన వచ్చి ఆ అట్టపెట్టె ఎత్తుకుపోయాడు. మర్నాడు ఫిట్టరు సైకిలేసుకుని ఆ కొట్టుకు పోయాడు. పెట్టె లేదు. “నిన్న సాయంత్రమే ఎవరో గుత్తగా పట్టుకుపోయారు పెద్దాయనా,” అన్నాడు కొట్టతను. ఎవరని అడిగితే, పాత పాటలు కొనేవాడి పేరు ఎవడడుగుతాడన్నాడు.

ఆ రాత్రి ఆయన గురక పెట్టలేదు. తన కుర్చీ కాపాడుకోవడం కోసం ఆవిడ పాటను ఇంట్లోంచి గెంటాడు. ఈ ముక్క ఎటు తిప్పి చూసినా ఇంకోలా కనపడలేదు.

తర్వాతి వారం అంతా ఆయన తొమ్మిదికి తగ్గలేదు. డప్పుల రికార్డుకు తొమ్మిది. ఏడుపుగొట్టు అని వాళ్లే పేరుపెట్టిన రికార్డుకు పది. ఆవిడ విసుక్కుంది.

“ఏమయ్యా, దానం చేస్తున్నావా? అన్నిటికీ తొమ్మిదేస్తే కొత్తింట్లో నెత్తిమీద పెట్టుకుంటావా?”

“వయసు మీద పడుతోంది. అన్నీ బాగానే ఉన్నాయి.”

“వయసు మీద పడితే నడుం వంగాలి గానీ మార్కులు పెరగడమేంటి?”

అన్నది గానీ, ఆయన మొహం వైపు కాసేపు అలాగే చూసింది.

శనివారం పొద్దున బొంగురు గొంతావిడ రికార్డు పెట్టారు. ఆ పాటగత్తె అసలు పేరు అట్ట మీద ఉంది, కానీ ఈ ఇంట్లో ఆవిడ పేరు అదే. రెండో వైపు మొదలయ్యాక మెట్ల మీద కింది వాటా కుట్టుమిషనావిడ కనిపించింది, జాకెట్ల కొలతకు పిలిచింది. టీచరమ్మ లేచి బయటకు వెళ్లింది.

ఫిట్టరు ఒక్కడే మిగిలాడు. చూడటానికి మొహం లేదు. వస్తే పాటలో మునిగిపోయినట్టు కనపడాలని కళ్లు మూసుకున్నాడు. అరచేతి కింద చెక్క అదురుతోంది. టక్, టక్, టక్. చక్కటి తాళం. దానికి తగ్గట్టు తలాడించాడు, మోకాలి మీద వేళ్లు కూడా ఆడించాడు. చాలాసేపు ఆడించాడు.

అరచేతి కింద అదురు ఉన్నట్టుండి ఆగింది. కళ్లు తెరిచాడు. టీచరమ్మ ముల్లు ఎత్తి పట్టుకుని నిలబడి ఉంది. గుమ్మంలో కుట్టుమిషనావిడ మెడలో టేపు వేలాడేసుకుని నోరు తెరుచుకుని చూస్తోంది.

“అయిపోయిందా?” అన్నాడు. చీటీ మీద ఎనిమిది వేశాడు.

ఆవిడ చీటీ చూసింది. తర్వాత పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నోటి దగ్గర బట్ట కదిలింది. ఏదో అంటోంది. మళ్లీ అంది. ఆయన పెదాల కోసం వెతికాడు, బట్ట తప్ప ఏమీ కనపడలేదు. ఔనంటే తప్పవుతుందో కాదంటే తప్పవుతుందో తెలియలేదు. అప్పుడే అర్థమైంది, ఇక తెలిసినా తెలియకపోయినా ఒకటేనని.

కుట్టుమిషనావిడే పాపం అయోమయంగా, చెయ్యి తిప్పుతూ అన్నది, పెదాలు స్పష్టంగా కనపడేలా: “బావగారూ, గీత పడి ఒకటే ముక్క తిరుగుతోందండీ. మేము మెట్ల దగ్గర్నుంచి వింటూనే ఉన్నాం. ఆ ఒక్క మాటే అంటోందావిడ, పాతికసార్లు అనుంటుంది.”

టీచరమ్మ ముల్లును పక్కన పెట్టింది. కొలతలివ్వడానికి కిందికి వెళ్లింది.

ఆ రోజు ఇంట్లో మాటల్లేవు. ఫిట్టరు అన్నం ముందు కూర్చుని, చెయ్యి ఊపుతుందేమోనని ఆవిడ చేతుల వైపే చూశాడు. ఊపలేదు. పెరుగు వేసి, తన కంచం పెట్టుకుని ఎదురుగా కూర్చుంది. కానీ పెదాలు కదల్లేదు.

మర్నాడు పొద్దున్నే ఆవిడ మిగిలిన రికార్డులన్నిట్లోంచి చీటీలు తీసింది. వెళ్లిపోయిన వాటివి కూడా ఒక డబ్బాలో దాచింది, అవీ తెచ్చింది. గచ్చు మీద చాప పరిచి, తేదీల వారీగా వరసలు పేర్చడం మొదలుపెట్టింది. గుడ్డ బల్ల మీద జారినట్టే ఆవిడ కళ్లు వరస మీద జారుతున్నాయి. ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి చూశాడు. ఏం చేస్తున్నావని అడగలేదు. ఆ పని ఆయనకు తెలుసు. ఇరవై ఆరేళ్లు ఆ పని తెచ్చిపెట్టిన చీటీలే ఆయన మోశాడు. ఆవిడ తప్పును చూడటం లేదు, తప్పు మొదలైన చోటును వెతుకుతోంది.

మధ్యాహ్నం దాటాక వరసలోంచి ఒక చీటీ తీసి వేలికి అంటించుకుని పైకెత్తింది. ఎదురుగా కూర్చోమని కుర్చీ చూపించింది.

ఆవిడ మాట్లాడటం మొదలుపెట్టాక కాసేపటికి ఆయన గమనించాడు, ఆవిడ గొంతు దగ్గర నరం కదలడం లేదు. గొంతు పెట్టడం లేదు. షెడ్డులో మాట్లాడినట్టు ఉట్టి పెదాలతో మాట్లాడుతోంది.

“దీనికి ముందు నాకు తీగలిష్టం, నీకు డప్పులు. నేను ఎనిమిదేస్తే నువ్వు మూడు. నేను నాలుగేస్తే నువ్వు తొమ్మిది. ఒక్కటీ కలిసి చావలేదు. దీని తర్వాత అన్నీ నా వెనకే వచ్చాయి.”

ఆయన తలొంచుకోబోయాడు. తలొంచితే మాటలు పోతాయి. అందుకని ఎత్తే ఉంచాడు.

“అయిదింటికొక నాలుగు. సరిగ్గా అయిదింటికి. పళ్లచక్రంలో పన్ను విరిగితే గుడ్డ మీద ఇట్లాగే పడుతుంది గీత. నీకు తెలీదా? ఫిట్టరువేగా.”

“తెలుసు.”

“తొమ్మిదేళ్లా?”

“ఊఁ.”

“నా మొహం చూసి వేశావా?”

“ఊఁ.”

“నేను కళ్లు మూసుకుని విన్నప్పుడు?”

“మూసుకున్నా మొహం మొహమే కదా. తెలీకపోతే... నీ కాలి బొటనవేలు.”

ఆవిడ తన కాలి వేళ్ల వైపు చూసుకుంది. నవ్వు రాబోయి రాలేదు. కళ్లు తుడుచుకుంది.

“మోసం చేశావని కాదయ్యా. క్లారినెట్ పోయిందనీ కాదు. పోతే పోయింది. తొమ్మిదేళ్లుగా నేను ఒక్కదాన్నే వింటున్నానన్నమాట. పక్కన మనిషున్నాడనుకుని వింటున్నా.”

ఫిట్టరుకు వచ్చిన జవాబు అందంగా లేదు.

“పాట మాట నాకు తెలీదు. నిన్ను చూసింది మాత్రం అబద్ధం కాదు. ఒక్కరోజు కూడా పక్కకు చూడలేదు. ఆ పెద్దాయనకు చెయ్యి ఊపినట్టు నువ్వు నాకు ఊపుతావని భయమేసింది.”

“నేనా?”

“ఎవరైనా.”

ఆవిడ చీటీలన్నీ దగ్గరకు లాగి, కట్ట కట్టకుండా అలాగే చాప మీద వదిలేసింది. లేచి లోపలికి పోయి మొహం కడుక్కుని వచ్చింది. కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా, మోకాళ్లు మోకాళ్లకు తగిలేంత దగ్గరగా కూర్చుంది.

“నిజంగా విన్న ఆఖరి పాట ఏదో గుర్తుందా?”

గుర్తుంది. ఆవిడ తెమ్మనకుండానే ఆయన లేచి, అరలో చివర్న ఉన్న నల్ల అట్ట తీశాడు. రెండో వైపు మూడో పాట. వెనక వాయిద్యాల్లేకుండా ఒక ముసలి పడవవాడు ఒక్కడే పాడతాడు, వాన వచ్చేముందు తెడ్డు వేస్తూ. ఆ పాట విన్న తర్వాతి వారం మళ్లీ పెడితే గొంతు ఉండాల్సిన చోట ఖాళీగా ఉంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, తనకు తాను కూడా సరిగ్గా చెప్పుకోలేదు. ఇప్పుడు ఆవిడకు చెప్పాడు.

రికార్డు ఆవిడ చేతిలో పెట్టాడు. పెట్టె మీద వేస్తుందనుకుని తన అరచేతిని అలవాటుగా చెక్క మీదికి చాపాడు. ఆవిడ రికార్డును అట్టలోంచి తీయలేదు. పెట్టె మూత దించి, ఆయన చేతిని చెక్క మీద నుంచి తీసి తన గొంతు మీద పెట్టుకుంది. ఈసారి నరం కదిలింది. అరచేతికి మాట తగిలింది.

“దీన్ని నేను ఎన్నోసార్లు విన్నా, నాకు తెలుసులే. నీకెట్లా వినపడిందో నాకు తెలీదు. ఎంత గుర్తుంటే అంత, వంకరైనా సరే, నువ్వు పాడయ్యా.”